నాన్నగారికి కుడి రక్తనాళం 100 శాతం మూసుకుపోయింది: స్టెంట్ వేయించాలా, మందులతో ఉండాలా?

ఖమ్మం అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 63 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. షుగరు చాలా ఏళ్లుగా ఉంది. ఈ మధ్య పాల కేంద్రం దాకా నడిచినా ఛాతీ బరువెక్కుతోందని మధ్యలో కూర్చుండిపోతున్నారు. యాంజియోగ్రామ్ తీశారు. గుండెకు వెళ్లే కుడి రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందనీ, ఎడమవైపు చిన్నచిన్న బ్లాకులే ఉన్నాయనీ తేలింది. రిపోర్టులో సీటీఓ అని ఉంది. ఒక డాక్టరు గారు ముందు మందులు వాడి చూద్దామన్నారు. ఇంకొకరు స్టెంట్ వేయవచ్చుగానీ మామూలు స్టెంట్ కన్నా కష్టమన్నారు. 100 శాతం మూసుకుపోతే మనిషి ఎలా తిరగగలుగుతున్నారు? ఆలస్యం చేస్తే ప్రాణానికి ముప్పా? బంధువులు రోజూ ఫోను చేసి భయపెడుతున్నారు.

క్యాథ్‌ల్యాబ్ సిస్టర్:

అమ్మా, ముందు ఆ భయం సంగతి. నేను క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే యాంజియోగ్రామ్‌లు తీసి స్టెంట్లు వేసే గదిలో, నర్సుగా చాలా కాలం పనిచేశాను. రక్తనాళం ఉన్నట్టుండి మూసుకుపోతే అది గుండెపోటు, నిమిషాల మీద పరుగెత్తాలి. మీ నాన్నగారిది అది కాదు. మూడు నెలలు, అంతకు మించి పూర్తిగా మూసుకుపోయి ఉన్నదాన్నే సీటీఓ అంటారు. అది మెల్లగా మూసుకుపోతుండగా ఎడమవైపు నాళాల నుంచి సన్నని దారులు పెరిగి కుడివైపు కండరానికి రక్తం అందిస్తాయి. పెద్ద కాలువ పూడిపోతే పక్క బోదెల నీటితో చేను బతికినట్టు. కూర్చున్నప్పుడు ఆ రక్తం సరిపోతుంది, నడిచినప్పుడు చాలదు. ఆయన ఛాతీ బరువు అదే కావచ్చు.

కాబట్టి రేపే తెరిపించాలన్న తొందర లేదు. తెరిస్తే ఆయుష్షు పెరుగుతుందని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మకండి. దక్షిణ కొరియా వైద్యుల ఆధ్వర్యంలో ఎనిమిది వందల మందికి పైగా రోగులతో జరిగి 2019లో అచ్చయిన డెసిషన్ సీటీఓ పరిశోధనలో, మరణాలు, గుండెపోట్లు స్టెంట్ వర్గంలోనూ, మందుల వర్గంలోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. మందుల వర్గంలోని కొందరు తర్వాత స్టెంట్ వేయించుకున్నారు కనుక దాన్నే చివరి మాటగా తీసుకోలేం. 2018లో వచ్చిన యూరో సీటీఓ పరిశోధనలో 396 మంది ఉన్నారు. అందులో స్టెంట్ వేయించుకున్నవారికి ఏడాది తర్వాత ఛాతీ నొప్పి బాగా తగ్గింది, పనులు చేసుకోవడం సులువైంది. మందులు సరిగ్గా వాడినా తగ్గని నొప్పి, ఆయాసం ఉంటే తెరిపించుకోవడంలో అర్థముంది. బాధే లేని మనిషికి రిపోర్టులో 100 అని కనిపించిందని చేయించడం నాకు నచ్చదు.

ఇక కష్టం ఎక్కడుందో చెబుతాను. మామూలు బ్లాకులో స్టెంట్‌కు దారి చూపే సన్నని వైర్ వెళ్లడానికి సందు ఉంటుంది. ఇందులో ఉండదు. అందుకే సాధారణంగా రెండు చోట్ల, మణికట్టులోనో గజ్జలోనో గొట్టాలు పెట్టి కుడి ఎడమ రెండు నాళాల్లోకీ ఒకేసారి డై (ఎక్స్‌రే తెర మీద నాళం కనబడేలా చేసే మందు) ఎక్కిస్తారు. అప్పుడు తెర మీద బ్లాకుకు ఇవతలి చివర, అవతలి చివర రెండూ కనిపిస్తాయి. మధ్యలో ఉన్నది ఎంత పొడవు, ఎంత వంపు, ఎంత సున్నం పట్టింది అన్నది అక్కడ తేలుతుంది. వైర్ మందం 0.36 మిల్లీమీటర్లే. దానికి దన్నుగా మైక్రోక్యాథెటర్ అనే సన్నని గొట్టం ఉంటుంది. మెత్తని కొనతో మొదలుపెట్టి అవసరమైతే గట్టి కొన ఉన్న వైర్లకు మారతారు. వేళ్ల మధ్య కాస్త తిప్పడం, తెర చూడడం, ఆగడం, మళ్లీ తిప్పడం. గదిలో ఎవరూ మాట్లాడరు. ముందునుంచి దారి దొరక్కపోతే, ఆ పక్కదారుల గుండానే వైర్‌ను వెనకవైపు నుంచి తెస్తారు. జపాన్ వైద్యులు దీన్ని బాగా పదునుపెట్టారు.

రెండు, మూడు గంటలు పట్టవచ్చు. నాళానికి చిల్లు పడి గుండె చుట్టూ రక్తం చేరే ప్రమాదం మామూలు స్టెంట్ కన్నా ఎక్కువ. డై వల్ల కిడ్నీల మీద భారం పడుతుంది, షుగరు ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. రేడియేషన్ ఎక్కువైతే కొన్ని వారాల తర్వాత వీపు మీద చర్మం ఎర్రబడవచ్చు. దాన్ని దురద అనుకొని ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి. ఇవి తరచుగా చేసేవారి చేతుల్లో పదింట ఎనిమిదికి పైగా విజయవంతమవుతాయి, అప్పుడప్పుడు చేసేవారి దగ్గర అంత ఉండదు. అందుకే "మీరు ఇవి ఎన్ని చేస్తుంటారు? వైర్ దాటకపోతే ఎక్కడ ఆపుతారు?" అని నేరుగా అడగండి. మంచి డాక్టరు నొచ్చుకోరు. ఎక్కడ ఆపాలో తెలిసిన డాక్టరంటే నాకు ఎక్కువ గౌరవం.

విశాఖ మాస్టారు:

సిస్టర్ గారు చెప్పింది నిజం. నాకు మొదటిసారి వైర్ దాటలేదు. డాక్టరు గారు బెలూన్‌తో కొంత దారి చేసి ఆపేసి, రెండు నెలల తర్వాత రమ్మన్నారు. ఇంట్లో అందరూ డీలా పడ్డారు. రెండోసారి దాటింది. ఇప్పుడు సింహాచలం మెట్లు ఆగుతూ ఆగుతూ ఎక్కుతున్నాను. మందులు మాత్రం ఒక్క పూట మానలేదు. రెండు రకాల రక్తం పలుచబరిచే మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపకూడదమ్మా. పంటి డాక్టరు చెప్పినా సరే, గుండె డాక్టరును అడగాల్సిందే.

బెజవాడ బాబాయి:

100 శాతం అంటే ఇంకా ఆలోచించడమేమిటి తల్లీ! వెంటనే బైపాస్ చేయించండి.

క్యాథ్‌ల్యాబ్ సిస్టర్:

బాబాయి గారూ, ప్రేమతోనే అన్నారు, కానీ ఆ మాటే ఈ అమ్మాయిని నిద్రపోనివ్వడం లేదు. మూడు నాళాల్లో పెద్ద బ్లాకులుండి షుగరు కూడా ఉంటే బైపాస్ వైపే మొగ్గు చూపుతారు, నిజమే. ఇక్కడ ఎడమవైపు చిన్నవే అంటున్నారు కదా.

ఖమ్మం అమ్మాయి:

చాలా ధైర్యం వచ్చింది. ఎకోలో పంపింగ్ 50 శాతం ఉంది, కండరం కదలిక బాగానే ఉందన్నారు. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.3. నొప్పికి ఒకే మాత్ర రాశారు.

క్యాథ్‌ల్యాబ్ సిస్టర్:

కదలిక బాగుందంటే ఆ కండరం బతికే ఉంది. తెరిస్తే ఉపయోగపడే పరిస్థితే. అయినా నొప్పికి ఒకే మాత్ర ఉందంటే, మందులు పెంచే వీలుందేమో ముందు అడగండి. కొన్ని వారాలు వాడినా నడక మెరుగుపడకపోతే సీటీఓలు చేసే చోటికి తీసుకెళ్లండి. కూర్చున్నప్పుడే నొప్పి వచ్చి తగ్గకపోతే మాత్రం వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి. క్రియాటినిన్ 1.3 అంటే డైకి ముందు సెలైన్ ఎక్కించాలా, షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతుంటే దాన్ని ఆపాలా అని అడగాలి. ఆరోగ్యశ్రీ లాంటి పథకం వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కనుక్కోండి. రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి, యాంజియోగ్రామ్ సీడీ అడిగి తీసుకోండి. ఆ వీడియో చూస్తేగానీ ఏ డాక్టరూ సరిగా చెప్పలేరు.