బాబును ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నాం. తక్కువ ఖర్చులో ఎలా? టీసీ సంగతి ఏంటి?

హాలియా దగ్గరి అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గర పల్లె. బాబుకు 7 ఏళ్లు, ఒకటో తరగతి అయిపోయింది. పాపకు 4. మా ఆయన మోటార్ వైండింగ్ పని చేస్తారు. ఎండాకాలం, నాట్లప్పుడు చేతినిండా పని ఉంటుంది. మిగతా నెలలు అంతంతమాత్రమే. బాబు చదివిన ప్రైవేటు బడికి ఫీజు, బస్సు, పుస్తకాలు కలిపి పోయిన ఏడాది 28,000 అయ్యాయి. ఇంత పెట్టినా వాడు పాఠం మొత్తం గడగడా అప్పజెబుతాడు కానీ, మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి ఇదేంటిరా అంటే నోరు మెదపడు.

నేను డిగ్రీ చదివాను. ఒకటి రెండేళ్లు ఇంట్లోనే చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పి, తర్వాత బడికి పంపుదామని మా ఇద్దరి ఆలోచన. "బడి లేకుంటే పిల్లగాడు ఆగమైతడు" అని మా అత్తమ్మ రోజూ అంటున్నారు. ఫోన్లో చూస్తే ఇంటి చదువు కిట్లు 6,000, 8,000 చెబుతున్నారు. అంత పెట్టే స్థోమత ఉంటే బడికే పంపేవాళ్లం కదా.

నిజంగా ఏం కొనాలి? రోజుకు ఎంతసేపు చెప్పాలి? తర్వాత సర్కారు బడిలో చేర్చుకుంటారా? పాత బడిలో 4,000 బాకీ ఉంది, అది కట్టేదాకా టీసీ ఇవ్వమంటున్నారు. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జడ్చర్ల అక్క

చెల్లె, ముందు ఆ కిట్ల ముచ్చట పక్కన పెట్టు. మా ఇద్దరు పిల్లలకు మూడో తరగతి ఈడు దాకా ఇంట్లోనే చెప్పుకున్నాం. ఇప్పుడు ఇద్దరూ సర్కారు బడికి పోతున్నారు. ఏడేళ్ల పిల్లవాడికి పలక, బలపాలు, నాలుగు రూళ్ల నోటుబుక్కులు, సర్కారు పాఠ్యపుస్తకాలు ఉంటే చాలు. నల్ల పెయింటు చిన్న డబ్బా తెచ్చి, వాడి చేతికి అందే ఎత్తులో గోడ మీద ఒక పలకంత మేర పూయి. పిల్లలకు కూర్చుని రాయడం కన్నా నిలబడి గోడ మీద రాయడం ఇష్టం.

రెండో తరగతి పుస్తకాలు కొనక్కర్లేదు. సర్కారు పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ తెలంగాణ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. కానీ పుస్తకం మొత్తం ప్రింటు తీయిస్తే పైసలు బాగా అవుతాయి. మీ ఊరి సర్కారు బడిలో మూడో తరగతికి వెళ్లిన పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్ల పాతవి అడుగు. 2022-23 నుంచి ఆ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటున్నాయి. ఇంట్లో చెప్పేవాళ్లకు అంతకన్నా పనికొచ్చే పుస్తకం నాకైతే కనిపించలేదు.

కథలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ చూడు. తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితం, పిల్లవాడి చదివే స్థాయిని బట్టి వేరు చేసి పెట్టారు. పుస్తకం చేతిలో పట్టుకుని చదవాలంటే 'మంచి పుస్తకం' వాళ్ల చిన్న పుస్తకాలు తక్కువ ధరలో వస్తాయి. పుట్టినరోజుకు బట్టల బదులు అవి నాలుగు కొను.

ఇప్పుడు అసలు సంగతి. వాడు అప్పజెబుతున్నాడు, చదవడం లేదు అన్నావు. చాలామంది పిల్లలది ఇదే కథ. పాఠం చెవితో నేర్చుకున్నారు, కంటితో కాదు. అందుకని వాడికి ముందే వచ్చిన పాఠం జోలికి పోవద్దు. ఇంతకుముందు చూడని పదాలు పెట్టాలి. మా పెద్దమ్మాయికి వత్తులు బస్సు బోర్డులతోనే వచ్చాయి. జడ్చర్ల బస్టాండులో కూర్చుని కల్వకుర్తి, అచ్చంపేట అని చదివించేదాన్ని. "కల్వకుర్తి"లో ల కింద వ ఉంది, ర కింద త ఉంది. బస్సు కదిలిపోయేలోపు చదవాలి కదా, ఆ హుషారు పుస్తకంతో రాదు.

మీ దగ్గర ఇంకా వీలు. "హాలియా", "నిడమనూరు" పేర్లలో ఒక్క వత్తు కూడా లేదు, అక్కడ మొదలుపెట్టు. అవి వచ్చాక "దేవరకొండ"లో సున్నా చూపించు. తర్వాత "పెద్దవూర", "నల్లగొండ". వీటిలో ఏ అక్షరానికి ఆ అక్షరం వత్తే వస్తుంది. అది కుదిరాక "మిర్యాలగూడ", అక్కడ ర కింద య వచ్చి చేరుతుంది. చివరికి "కొండమల్లేపల్లి" ఆగకుండా చదివాడంటే వాడికి చదువు పట్టుబడినట్టే. ఇంటికి రాగానే ఆ పేర్లే గోడ మీద రాయించు.

సమయం అంటావా, పొద్దున తిన్నాక గంటన్నర, రెండు గంటలు చాలు. అందులో కూడా అరగంటకోసారి లేవనివ్వాలి. బడిలో నలభై మందికి ఒకే టీచరు, ఇక్కడ ఒకడికి నువ్వొక్కదానివి. మధ్యాహ్నం కూర్చోబెట్టి విసిగించొద్దు.

లెక్కలకు ఇంట్లో గింజలు కొలిచే పాత మానిక, సోల, గిద్ద ఉంటే బయటికి తియ్యి. బియ్యం ముందు పెట్టి, సోలతో ఎన్నిసార్లు పోస్తే మానిక నిండుతుందో వాణ్నే చూడమను. నాలుగుసార్లు. గిద్దతో అయితే సోలకు నాలుగు, మానికకు పదహారు. చేత్తో పోసి, పైన గీటి, కిందపడ్డ గింజలు ఏరుకుంటూ నేర్చుకున్న నాలుగో ఎక్కం మళ్లీ మరచిపోడు. సగం, పావు అన్న మాటలకు అర్థం కూడా అక్కడే తెలిసిపోతుంది. రేషన్ బియ్యం తెచ్చిన రోజు "మనిషికి 6 కిలోలు, మనం నలుగురం, ఎన్ని రావాలి?" అని అడుగు. కాంటా ముందు నిలబెట్టి వాడితోనే చూపించు.

నల్లగొండ రిటైర్డ్ టీచర్

అమ్మా, నేను సర్కారు ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరయ్యాను. నా మాట కొంచెం వేరుగా ఉంటుంది, మరోలా అనుకోవద్దు.

మీకు ఖర్చే ఇబ్బంది అయితే మీ ఊరి సర్కారు బడి ఉంది. ఫీజు లేదు, పుస్తకాలు, రెండు జతల బట్టలు, మధ్యాహ్న భోజనం ఇస్తారు. అక్కడ చేర్పించి, సాయంత్రం ఇంట్లో మీరు గంటసేపు చదివిస్తే మీరు కోరుకునేది చాలావరకు వస్తుంది. ముందు ఒకరోజు వెళ్లి ఒకటి, రెండు తరగతులు ఎలా నడుస్తున్నాయో చూసి రండి. టీచరు మంచివారైతే అదే మేలు.

అయినా ఇంట్లోనే చెప్పాలనుకుంటే చట్టం ఏమంటుందో తెలుసుకుని దిగండి. 2009 విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్‌లో ఉంది. చేర్పించని తల్లిదండ్రులకు శిక్ష అని మాత్రం అందులో రాయలేదు. బడి బయటి పిల్లల సర్వేకు వస్తే దాచొద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

తిరిగి చేర్చడం గురించి భయపడకండి. 4వ సెక్షన్ ప్రకారం బడికి వెళ్లని పిల్లవాణ్ని కూడా వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే ప్రత్యేకంగా నేర్పాలి. తొమ్మిదేళ్లప్పుడు తీసుకెళ్తే నాలుగో తరగతిలో కూర్చోబెట్టాలి కానీ, ఒకటో తరగతికి పొమ్మనకూడదు. ఒకవేళ ఇంకా ఎక్కువ కాలం ఇంట్లోనే అనుకుంటే ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్‌లో ఏ, బీ, సీ అని మూడు స్థాయిలు ఉన్నాయి. అవి మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానం. 14 ఏళ్లు నిండాక ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి రాయొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆరో తరగతి నుంచి హాస్టల్‌తో సహా ఉచితంగా చదివించే కేంద్ర ప్రభుత్వ బడి నవోదయ మీద ఆశ ఉంటే ఆలస్యం చేయొద్దు. మీ జిల్లా నవోదయ చలకుర్తిలో, మీకు దగ్గర్లోనే ఉంది. ఆరో తరగతి ప్రవేశానికి గ్రామీణ కోటాలో పోటీ పడాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు గుర్తింపు పొందిన గ్రామీణ బడిలో చదివి ఉండాలి. అంటే మీ బాబుకు ఇంట్లో గడపడానికి మీ దగ్గర ఉన్నది ఈ ఒక్క ఏడాదే.

మహబూబ్‌నగర్ నాన్న

అక్కా, చదువు సంగతి పెద్దలు చెప్పారు. నేను ఇంటి ఖర్చు గురించి చెబుతాను. మీలాగే మా ఇంట్లోనూ నెల నెలా ఒకేలా డబ్బు రాదు. పని బాగా ఉన్న నెలల్లోనే ఏడాదికి సరిపడా కందులు, పల్లీలు, చింతపండు, ఎండుమిర్చి కొని పెట్టుకుంటాం. పని లేని నెలలో కూరగాయలకు, నూనెకు చూసుకుంటే చాలు.

పిల్లలు ఇంట్లో ఉంటే చిరుతిండి ఖర్చు పెరుగుతుంది, ఇది ఎవరూ ముందు చెప్పరు. రోజుకు ఇద్దరికీ చెరో 10 రూపాయల ప్యాకెట్ అంటే నెలకు 600. అదే 600తో పల్లీలు, బెల్లం, శనగలు, బొబ్బర్లు నెలంతా వస్తాయి. పల్లీలు వేయించి పొట్టు తీసే పని పిల్లలకే ఇవ్వండి, చెరగడం కూడా వాళ్లకు ఆటే. బెల్లంతో దంచి ముద్దలు కట్టండి. సాయంత్రం శనగలు, బొబ్బర్లు ఉడికించి గుడాలు పెడితే ప్యాకెట్ల ఊసే రాదు.

నీళ్ల దగ్గర మాత్రం పొదుపు చూడొద్దు. మీ నల్లగొండ వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, ఎదిగే పిల్లల పళ్లకు, ఎముకలకు అది చేటు. కాచితే పోతుందనుకుంటారు, పోదు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టుకోండి, బోరు నీళ్లు వాడకానికి ఉంచండి.

హాలియా దగ్గరి అమ్మ

అక్కా, సార్, తమ్ముడూ, మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నవోదయ సంగతి మాకు అసలు తెలియదు. ఆయనతో మాట్లాడాను. ఈ ఒక్క ఏడాది ఇంట్లో చెప్పి, మూడో తరగతికి మా ఊరి సర్కారు బడిలో చేర్పిద్దామన్నారు. అత్తమ్మ కూడా కొంచెం మెత్తబడ్డారు.

ఇంకో రెండు అడగాలి. బాబుకు చెబుతుంటే పాప వచ్చి పలక లాగేస్తుంది, ఇద్దరికీ కొట్లాట. రెండోది, వాడికి తోటి పిల్లలు లేకుండా పోతారేమోనని బెంగగా ఉంది.

జడ్చర్ల అక్క

సార్ చెప్పింది మంచి మాట చెల్లె, ఒక ఏడాది అని గీత గీసుకోవడమే మీకు మేలు.

పాపను అంగన్‌వాడీకి పంపు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడ ఆటపాటలతో పూర్వ ప్రాథమిక విద్య ఉంది, అన్నం, గుడ్డు పెడతారు. పాప అక్కడ ఉన్న గంటలే నీకు బాబు గంటలు. వెళ్లనని మారాం చేసిన రోజు తనకంటూ వేరే పలక ఇవ్వు, లేదంటే పళ్లెంలో ఇసుక పోసి వేలితో దిద్దమను. చింతగింజలు, కందులు కలిపి వేరు చేయమన్నా అరగంట కదలదు. నోట్లో పెట్టుకోకుండా కనిపెట్టుకుని ఉండు.

తోటి పిల్లల గురించి నీ బెంగ న్యాయమైనదే. ఇంట్లో చదివే పిల్లవాడికి నిజంగా లోటు పడేది అదొక్కటే, దాన్ని నువ్వు పట్టించుకుని తీర్చాలి. బడి పిల్లలు సాయంత్రం ఇంటికి వచ్చే వేళకు వాణ్ని బయటికి వదులు. ఆ గంటలో చదువు, పని ఏమీ పెట్టకు. ఆదివారం నలుగురు పిల్లలను మీ అరుగు మీదికి పిలిచి గోళీలో, అష్టాచెమ్మానో ఆడించు. వీలైతే ఒకరు కథ చదివితే మిగతావాళ్లు వినేలా చూడు. మా దగ్గర ఆ అలవాటు ఇంకా నడుస్తోంది.

నెలకోసారి ఊరు దాటించు. 2023 డిసెంబర్ 9 నుంచి మన ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, నీకూ పాపకూ ఖర్చు లేదు, బాబుకు హాఫ్ టికెట్. ఆధార్ మరచిపోకు. మీకు నాగార్జునసాగర్ డ్యాం దగ్గరే. వెళ్లే ముందు మీ దగ్గరి ఎడమ కాల్వ ఒడ్డున నిలబెట్టి, ఈ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో చూద్దాం పద అని చెప్పు. ఆ డ్యాంకు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాల్వలకు నీళ్లు వదిలారు. ఈ రెండు అంకెలూ వాడితోనే గోడ మీద రాయించి, మధ్యలో ఎన్నేళ్లో తీసివేత చేయించు. అప్పుడు కాల్వ లేక ముందు పొలాలు ఎలా ఉండేవో అత్తమ్మను అడగమను. మనవడు వచ్చి కూర్చుని అడిగితే ఆమె కూడా ఈ చదువులో భాగం అవుతుంది. మా ఇంట్లో పెద్దవాళ్ల అలక అట్లనే తీరింది.

హాలియా దగ్గరి అమ్మ

అత్తమ్మకు కాల్వ తవ్వకం పనికి వాళ్ల నాన్న పోయిన ముచ్చట్లు చాలా తెలుసు అక్కా! ఇక టీసీ ఒక్కటే మిగిలింది. సార్, రేపు ఆయన పాత బడికి వెళ్తున్నారు. ఏమని అడగాలి?

నల్లగొండ రిటైర్డ్ టీచర్

నోటితో అడిగి రావద్దమ్మా. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, రెండు కాపీలు తీసుకెళ్లమనండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండో దాని మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోవాలి. బాకీ మాత్రం బాకీయే, కాదనకండి. నెలకు 1,000 చొప్పున నాలుగు నెలల్లో కడతామని అదే కాగితంలో రాయండి. మర్యాదగా రాస్తే చాలామంది యాజమాన్యాలు అక్కడికే ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోతే ఆ ముద్ర వేసిన కాపీతో మండల విద్యాధికారిని కలవండి.

టీసీ ఆలస్యమైనా సర్కారు బడిలో చేర్చుకోవడం ఆగదు. టీసీ ఆలస్యం వల్ల ప్రవేశం ఆపకూడదని చట్టంలో 5వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి దానికోసం నిద్ర మానుకోవద్దు.

రేపు మరచిపోకుండా అడగాల్సింది బాబు పెన్ నంబరు. బడుల, పిల్లల వివరాలుండే సర్కారు ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో ప్రతి విద్యార్థికీ ఉండే నంబరు అది, తర్వాత ఏ బడిలో చేర్చినా దాంతోనే పాత వివరాలు కొత్త బడికి మారతాయి. అక్కడ ఉండగానే జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రికార్డు మూడింట్లోనూ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయేమో పోల్చి చూసుకోమనండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. నవోదయ దరఖాస్తు నాటికి పరుగులు పెట్టే పని తప్పుతుంది.