షియాన్‌లో స్కూల్ పిల్లలతో ఒక్క రోజు: మధ్యాహ్నం ఎటు తీసుకెళ్లమంటారు?

నమస్కారమండీ. నేను షాంఘైలో టీచర్‌ని. వచ్చే నెల మా ఎనిమిదో తరగతి పిల్లల్ని షియాన్ తీసుకెళ్తున్నాం, కానీ తిరగడానికి ఒక్క రోజే దొరికింది.

చైనా తొలి చక్రవర్తి సమాధి కాపలాకు చేసిన మట్టి సైనికుల బొమ్మలను చూడకుండా రావడం కుదరదు. 1974లో బావి తవ్వుతున్న రైతులకు బయటపడ్డ ఆ చోటు ఊరికి తూర్పున 35 కిలోమీటర్ల పైనే ఉంది. పొద్దున్నే బయల్దేరినా సగం రోజు దానికే సరిపోతుంది.

మిగిలిన పూటలో కోటగోడ మీద సైకిళ్లు తొక్కించాలా, బిగ్ వైల్డ్ గూస్ పగోడాకు తీసుకెళ్లాలా? గోడ చుట్టూ దాదాపు 14 కిలోమీటర్లు, ఎండలో పిల్లలు అలిసిపోతారేమోనని భయం. నా మనసైతే పగోడా మీదే ఉంది. మన కృష్ణా తీరం దాకా వచ్చి వెళ్లిన హ్యూయన్‌త్సాంగ్, భారతదేశం నుంచి తీసుకెళ్లిన గ్రంథాలను భద్రపరచడానికి 652లో కట్టించాడు దాన్ని. అక్కడే నిలబడి పిల్లలకు ఆ కథ చెప్పాలని చాలా ఆశగా ఉంది.

ఇంకో టెన్షన్ తిండి. కొందరు పిల్లలు శాకాహారులు. ముస్లిం వీధిలో ఎక్కువగా గొర్రె మాంసమే కదా. కీరా ముక్కలు, వెనిగర్, ఎర్రటి కారం నూనె కలిపిచ్చే చల్లటి లియాంగ్‌పీ నూడుల్స్ వాళ్లకు పెట్టొచ్చా? పిల్లలతో వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి.