కొట్టు కట్టుకోవాలంటే కింద అంతస్తు కార్లకు వదలాల్సిందేనా? (విజయవాడ వన్‌టౌన్)

పాతకొట్టు:
అందరికీ నమస్కారం. వన్‌టౌన్‌లో శివాలయం వీధికి దగ్గర్లో మాకు 300 గజాల స్థలం ఉంది. తాతగారి నాటి పెంకుటిల్లు, ముందు రెండు గదుల్లో బట్టల కొట్టు, కొట్టు ముందు అరుగు. పోయిన వానాకాలం వెనక గది దూలం కిందికి దిగింది. పడగొట్టి కింద కొట్లు, పైన రెండంతస్తులు వేద్దామని ఇంజినీరు దగ్గరికి వెళ్లాను. కింద మొత్తం స్టిల్ట్, అంటే పార్కింగ్‌కు వదిలేయాలి, కొట్లు మొదటి అంతస్తు నుంచి పెట్టుకోండి అన్నాడు. లంగావోణీ గుడ్డ కొనడానికి మెట్లెక్కి వచ్చేవాళ్లెవరండీ? మా సందులోకి కారు వస్తే అరుగు మీద కూర్చున్న మా నాన్న కాళ్లు ముడుచుకోవాలి. అలాంటి సందులోకి కార్లను పిలవడానికి నేను కొట్టు పోగొట్టుకోవాలా? ఈ నిబంధన న్యాయమా కాదా, అంతే అడుగుతున్నాను. "ముందు కట్టేసెయ్, తర్వాత చూసుకోవచ్చు" అనే సలహాలు బంధువులు ఇప్పటికే బోలెడు ఇచ్చారు, అవి వద్దు.

సూర్యారావుపేట మేడ:
న్యాయమే. ఎందుకో మా గేటు ముందు ఒక రోజు నిలబడితే తెలుస్తుంది. మా పక్కన ఒక ఆసుపత్రి ఉంది, పేరు వద్దులెండి. ప్లాన్‌లో కింద పార్కింగ్. కట్టిన కొత్తలో నిజంగానే ఖాళీగా ఉండేది. ఏడాది తిరిగేసరికి ఒక మూల మందుల షాపు, ఇంకో మూల రక్తపరీక్షల గది, మధ్యలో ఓపీ చీటీలు రాసే బల్ల వచ్చేశాయి. రోగుల వెంట వచ్చేవాళ్ల బళ్లన్నీ మా గేటుకు అడ్డం. మా అత్తగారికి ఆయాసం వచ్చిన రాత్రి మా కారు బయటికి తీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది, అదీ ఆసుపత్రి పక్కింట్లో ఉండి! రూలు ఉండగానే ఇలా ఉంటే, తీసేస్తే మా గతేంటి?

రిటైర్డ్ ప్లానింగ్:
టౌన్ ప్లానింగ్‌లో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని. రూలు ఏమిటో ముందు చెబుతాను, తర్వాత కొట్టుకోండి.

మన రాష్ట్రంలో ఇప్పుడున్నవి 2017 నాటి బిల్డింగ్ నిబంధనలు, జీవో 119. అంతకుముందు 2012లో జీవో 168. ఎన్ని కార్లు వస్తాయన్నది రెండింటిలోనూ లెక్కలోకి రాదు. మొత్తం బిల్టప్ ఏరియాలో ఇంత శాతం పార్కింగ్‌కు చూపించాలి, అంతే. వాడకాన్ని బట్టి ఆ శాతం మారుతుంది, మల్టీప్లెక్స్‌కు అన్నిటికన్నా ఎక్కువ. 2012 పట్టికలో ఒక తమాషా చూడండి. ఆసుపత్రులు, స్కూళ్లు, గోడౌన్లు, అపార్ట్‌మెంట్లు అన్నీ ఒకే గాటన, అన్నిటికన్నా తక్కువ శాతంలో! రోజంతా జనం వచ్చిపోయే ఆసుపత్రికీ, సాయంత్రం నలుగురు ఇంటికొచ్చే అపార్ట్‌మెంటుకూ ఒకటే కొలత. మేడమ్ గారి బాధకు సగం కారణం అక్కడుంది.

మిగతా సగం ఓసీ, అంటే కట్టడం పూర్తయ్యాక వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. పర్మిషన్ ఇచ్చేటప్పుడు బిల్టప్ ఏరియాలో పదో వంతు కార్పొరేషన్‌కు తనఖా పెట్టించుకుంటారు. ప్లాన్ ప్రకారం కట్టారని చూసి ఓసీ ఇచ్చాక ఆ తనఖా విడిపించేస్తారు. అందుకని ఓసీ వచ్చేదాకా స్టిల్ట్ అద్దంలా ఉంటుంది. మర్నాడు షట్టర్లు బిగిస్తారు. పార్కింగ్ చోటును వేరే పనికి వాడితే నోటీసుల తతంగం లేకుండా తీసేయొచ్చని రూల్లోనే ఉంది. ఎంతమంది తీయించారో మీరే చూస్తున్నారు.

నడకమనిషి:
నేను ఈ రూలే వద్దంటాను. కారణం చెబుతాను, తిట్టేముందు వినండి.

అన్నగారి 300 గజాలంటే 2700 చదరపు అడుగులు, 36 × 75 అనుకుందాం. స్టిల్ట్ వద్దు, సెల్లార్ తవ్వుతానన్నారనుకోండి. పది అడుగుల లోతుకు, ఎనిమిది అడుగులకు ఒక అడుగు చొప్పున దిగినా ర్యాంపే 80 అడుగులు పోతుంది. ఆయన స్థలం పొడవే 75! పెద్ద స్థలం ఉన్నవాడికి ఈ రూలు ఖర్చు, చిన్న స్థలం ఉన్నవాడికి నిషేధం. దాంతో ఇలాంటి స్థలాలు నాలుగు కలిపి కొనేసే బిల్డరు చేతికే వన్‌టౌన్ పోతుంది.

ఇంకో లెక్క. సెల్లార్‌లో ఒక కారుకు, తిరిగే దారితో కలిపి, ప్లానర్లు వేసుకునే చోటు 32 చదరపు మీటర్లు. అంటే 345 అడుగుల దాకా. బీసెంట్ రోడ్ పక్క సందుల్లో దానికన్నా చిన్న కొట్టు మీద కుటుంబాలు బతుకుతున్నాయి. కారుకున్న హక్కు కొట్టుకు లేదా?

జపాన్‌లో 1962 నుంచే చట్టం ఉంది. కారు కొనేవాడు ఇంటికి దగ్గర్లో దాన్ని ఎక్కడ పెడతాడో చోటు చూపించాలి. భారం కారున్నవాడి మీద. మనం భారం కొట్టున్నవాడి మీద పెట్టాం. అమెరికాలో బఫలో అనే ఊరు 2017లో ఊరంతటా కనీస పార్కింగ్ నిబంధన ఎత్తేసింది. ఇల్లు కట్టేవాడికి కావాలంటే పెట్టుకుంటాడు, లేకపోతే లేదు.

సూర్యారావుపేట మేడ:
జపాన్‌లో అలా చేశారు సరే బాబూ, అక్కడ రాత్రి రోడ్డు మీద కారు వదిలేస్తే పోలీసులు ఊరుకోరు. ఇక్కడ టోయింగ్ బండి నాలుగు స్కూటర్లెత్తి వెళ్లిపోతుంది, పెద్ద కారును ముట్టుకోదు. రోడ్డు మీద అదుపు లేనప్పుడు లోపలి రూలు కూడా తీసేస్తే నీ కొట్టువాళ్ల కార్లు కూడా మా గేటు ముందుకే వస్తాయి.

నడకమనిషి:
ఆ మాట ఒప్పుకుంటాను ఆంటీ. రోడ్డు మీద డబ్బు వసూలు చేయకుండా లోపల మాత్రం తీసేయడం కుదరదు. 2006 జాతీయ పట్టణ రవాణా విధానంలోనే ఉంది, పార్కింగ్ ఫీజు ఆ స్థలం విలువను బట్టి ఉండాలని. గవర్నర్‌పేటలో గజం ధర తెలుసు కదా. పార్కింగ్ మాత్రం పది రూపాయలంటే గొడవ!

బేళ్లలెక్క:
ఇంతసేపూ కార్లు, కార్లు అంటున్నారు. వన్‌టౌన్‌లో రోడ్డు ఆగేది కార్ల వల్ల కాదు నాయనా. నేను ముప్ఫై ఏళ్లుగా హోల్‌సేల్ బట్టల వ్యాపారంలో ఉన్నా. మా హోల్‌సేల్ బట్టల మార్కెట్ వస్త్రలత వైపు ఉదయం ఒకసారి వచ్చి చూడండి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి బండి వస్తుంది. కొట్టు ముందు నిలపడానికి చోటుండదు. రోడ్డు మధ్యలో ఆపి, ముఠావాళ్లు ఒక్కో బేలూ వీపు మీద వేసుకుని దింపాలి. పదిహేను బేళ్లు దింపే అరగంటా వెనక రిక్షాలు, ఆటోలు, బళ్లు అన్నీ హారన్లు. అందులో ఇరుక్కున్న కారు ఒకటో రెండో ఉంటాయి, అంతే. శ్రావణ మాసం సరుకు ఆషాఢంలోనే దిగాలి, ఆ నెల చూస్తే ఏడుపొస్తుంది. ఇక దసరా పది రోజులు, అమ్మవారి గుడి రద్దీకి రోడ్లు మళ్లిస్తే వన్‌టౌన్‌లోకి సరుకు బండి రావడం ఆ తల్లి దయ.

మా కొట్టుకు వచ్చే రిటైలరు తిరువూరు నుంచో గుడివాడ నుంచో బస్సులో దిగి ఆటోలో వస్తాడు. కారులో వచ్చేవాడు వారానికొకడు. ఆ ఒక్కడి కోసం కింద అంతస్తు వదలమంటారు. రోజూ వచ్చే సరుకుకు మాత్రం అంగుళం అడగరు. సరుకు అంతా గొల్లపూడికి వెళ్లిపోవాలని అక్కడ పెద్ద హోల్‌సేల్ కాంప్లెక్సు కట్టారు, అక్కడ లారీ తిరగడానికి దర్జాగా చోటుంది. కానీ బట్టల బేరం నాలుగు కొట్లు తిరిగి చేసేది. కొట్లన్నీ ఒక్కసారే కదిలితే తప్ప ఒక్కడే వెళ్తే మునిగిపోతాడు.

ఆ పాతకొట్టు అబ్బాయికి నా సలహా: కార్ల చోటుకు బదులు సరుకు దింపే చోటు ఇస్తానని అడుగు.

ఏస్ బండి:
బాబాయ్ చెప్పింది నూటికి నూరు. నేను టాటా ఏస్ తోల్తా. ఆటోనగర్ వెళ్తే బండి ఎక్కడైనా ఆపుకుంటా, అక్కడ ప్లాట్లే బళ్ల కోసం కోశారు. వన్‌టౌన్‌లో దింపడానికి ఆపితే చలానా, ఆపకపోతే ఓనరు తిట్లు. చలానా డబ్బులు నా కిరాయిలోంచే. దింపుడికి చోటు లేని కొట్టుకు పర్మిషన్ ఎవరిచ్చారని ఒక్కరూ అడగరు, బండి ఎందుకాపావని మాత్రం నన్నడుగుతారు.

రిటైర్డ్ ప్లానింగ్:
దీనికి ఆధారం లేకపోలేదు. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో పార్కింగ్ కాక విడిగా ఇంకో మాట ఉంది. వ్యాపార భవనాలకు, గోడౌన్లకు, పరిశ్రమలకు ప్రతి 1000 చదరపు మీటర్లకు మూడున్నర మీటర్ల వెడల్పు, ఏడున్నర మీటర్ల పొడవున సరుకు ఎక్కించి దించే చోటు ఉండాలని. అడుగుల్లో 12 × 25 లోపే. నడకమనిషి చెప్పిన సెల్లార్ కారు లెక్క కన్నా తక్కువ! అయితే కోడ్ అనేది సిఫార్సు. ప్లాన్ పరిశీలించేటప్పుడు పార్కింగ్ శాతం దగ్గర స్కేలు పెట్టి కొలుస్తారు. దింపుడు చోటు గురించి నా సర్వీసులో అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేనూ అడగలేదు.

కానీ బేళ్లలెక్క గారూ, మీ సలహాలో చిక్కుంది. ఒకటికి బదులు ఇంకొకటి ఇస్తాననే వీలు రూల్లో లేదు. రెండోది, ఆ దింపుడు చోటులో కూడా రేపు ఇస్త్రీ బండో టీ కొట్టో పెట్టరని నమ్మకమేంటి? స్టిల్ట్‌కు పట్టిన గతే దీనికీ పడుతుంది.

బేళ్లలెక్క:
పట్టదు. ఎందుకో చెప్తా. స్టిల్ట్ ఖాళీగా ఉంటే ఓనరుకు లాభం లేదు, కార్లవాడెవడో బాగుపడతాడు. అందుకే అమ్ముకుంటాడు. సరుకు దిగే చోటు మూసేస్తే మర్నాడు పొద్దున్న నష్టపోయేది అదే ఓనరు. ముఠావాళ్లు దూరం మోస్తే కూలి ఎక్కువ అడుగుతారు. తన జేబుకు తగిలే రూలును ఎవడైనా కాపాడుకుంటాడు.

సూర్యారావుపేట మేడ:
ఈ మాట నచ్చింది. కానీ ఆసుపత్రికి ఇది వర్తించదు బాబాయ్ గారూ. అక్కడ చోటు మూసేస్తే నష్టం మాకు, లాభం వాళ్లకు. అక్కడ కొలతా పెంచాలి, ఓసీ తర్వాత కూడా తనఖా ఉంచాలి. కనీసం ఐదేళ్లు.

పట్నం బజార్:
గుంటూరు నుంచి. కొత్తపేట ఆసుపత్రుల గురించి మేడమ్ గారి పోస్టును ఊరి పేరు మార్చి చదువుకున్నాను, ఒక్క అక్షరం తేడా లేదు. మా పట్నం బజారులో మాత్రం బేళ్ల బదులు బస్తాలు.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ:
అందరూ కొట్లు, ఆసుపత్రులు అంటున్నారు. మా పటమటలో బిల్డరు స్టిల్ట్‌లో కారు చోటు విడిగా అమ్మేశాడు, కొన్నది మా అపార్ట్‌మెంటులో ఉండనివాడు! 2010లో ముంబై కేసులో సుప్రీంకోర్టు స్టిల్ట్ చోటు విడిగా అమ్మే హక్కు బిల్డరుకు లేదంది. తీర్పు కాగితం చూపిస్తే ఆయన టీ ఇప్పించాడు.

రిటైర్డ్ ప్లానింగ్:
😀 అది వేరే చర్చ, విడిగా మొదలుపెట్టండి. దీని మీదే ఉందాం.

నడకమనిషికి ఒక మాట. 2007 డిసెంబరు 31న వచ్చిన జీవో 901తో బీపీఎస్ మొదలైంది. తప్పు కట్టడాలకు డబ్బు కట్టించుకుని సక్రమం చేసే పథకం. ఆ తర్వాత కూడా వచ్చింది. అలాంటి ఊళ్లో రూలు ఎత్తేస్తామని చర్చ మొదలైతే చాలు, రూలు పాటించి స్టిల్ట్ వదిలినవాడు పిచ్చోడవుతాడు. నన్నడిగితే మొత్తం ఎత్తేయొద్దు. వన్‌టౌన్ పాత వీధులకు గీత గీసి, ఆ గీతలో కార్ల శాతం తగ్గించి, దింపుడు చోటు తప్పనిసరి చేయాలి. అది మాస్టర్ ప్లాన్‌లో జరగాల్సిన పని, ఒక్కో ప్లాన్ దగ్గర బేరమాడేది కాదు.

నడకమనిషి:
ఆ గీత దాకా వస్తాను సార్, ఇంకో అడుగు వేస్తాను. దింపుడు వేళలు కూడా. ఉదయం తొమ్మిదిలోపే బేళ్లు.

ఏస్ బండి:
తొమ్మిదిలోపు కొట్టు షట్టరు ఎవడు తీస్తాడన్నా? మా ఓనరు పదిన్నరకు వస్తాడు.

పాతకొట్టు:
అందరికీ థాంక్స్. ఇంజినీరును మళ్లీ కలిశాను. రూలు రూలే అన్నాడు, గీతా గీయలేదు, మాస్టర్ ప్లానూ మారలేదు. అందుకని ఒక అంతస్తు తగ్గించుకుంటున్నాం. బిల్టప్ తగ్గితే పార్కింగ్‌కు వదలాల్సిన చోటూ తగ్గుతుంది. వెనక సగంలో పార్కింగ్ చూపిస్తే ముందు ఒక కొట్టు మిగిలే అవకాశం ఉందన్నాడు, కొత్త ప్లాన్ గీస్తున్నాడు. వెనక్కి వెళ్లే దారిలోనే 12 × 25 దింపుడు చోటు వస్తుందేమో చూడమన్నాను. ఎవరూ అడగకపోయినా. నాన్నకు బొమ్మ చూపిస్తే ఆయన అడిగింది ఒకటే, అరుగు ఉంటుందా అని.

బేళ్లలెక్క:
అరుగు తీయించకు. మీ తాత కూర్చోడానికి మాత్రమే కట్టి ఉండడు, ఎడ్లబండి వెనక్కి తోలి బస్తాలు దొర్లించడానికి ఆ ఎత్తు పెట్టేవాళ్లు. కొత్తది దింపుడు చోటు పక్కన కట్టించు. ఏస్ బండి డాలా (వెనక తలుపు) దించితే దానికి సరిగ్గా ఆనాలి, కొలిచి చూసుకో.

రిటైర్డ్ ప్లానింగ్:
సెట్‌బ్యాక్‌లో, అంటే కట్టడం చుట్టూ ఖాళీగా వదలాల్సిన చోట, మాత్రం కట్టకండి.