చంద్రుణ్ని టెలిస్కోప్‌లో చూసి మొదట గీసింది థామస్ హారియట్. మరి పేరు గెలీలియోకేనా?

తారాపథం:
మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు చార్టు మీద "టెలిస్కోప్‌తో చంద్రుణ్ని చూసి మొదట బొమ్మ గీసినవాడు గెలీలియో" అని రాసింది. నేను కొట్టేయించాను. లండన్ పక్కన సయన్ హౌస్‌లో ఉంటూ ఇంగ్లండ్ గణిత శాస్త్రవేత్త థామస్ హారియట్ 1609 జులై 26 రాత్రి 9 గంటలకు, ఆరు రెట్లు పెద్దగా చూపే గొట్టంతో చంద్రుణ్ని చూసి గీశాడు. ఆ తేదీ ఇంగ్లండ్ పాత క్యాలెండర్‌ది, ఇటలీ లెక్కలో అది ఆగస్టు 5. తేదీతో సహా ఆ కాగితం ఇప్పటికీ ఉంది. గెలీలియో చంద్రుడి బొమ్మలు మొదలైంది నవంబరు ఆఖర్లో. దాదాపు నాలుగు నెలల తేడా! మొదటివాడు మొదటివాడే కదండీ?

నెలవంక:
ఆ బొమ్మ చూశారా మీరు? వెలుగుకీ చీకటికీ మధ్య ఒక వంకర గీత, పక్కన కొన్ని మచ్చలు, అంతే. గెలీలియో ఏం చూశాడో ఆలోచించండి. చీకటి భాగంలో విడివిడిగా వెలుగు చుక్కలు కనిపించాయి, గంటలు గడిచేకొద్దీ అవి పెద్దవై వెలుగులో కలిసిపోయాయి. మన దగ్గర కొండ శిఖరం మీద ముందు ఎండ పడి, తర్వాత లోయలోకి దిగినట్టే. అంటే అక్కడ కొండలున్నాయి! వాటి ఎత్తు కూడా లెక్క కట్టి 1610 మార్చిలో వెనిస్‌లో అచ్చు వేయించాడు. నా దృష్టిలో చూడటమంటే అదీ.

తారాపథం:
ఆరు రెట్ల గొట్టంతో అంతకంటే ఏం కనిపిస్తుంది? గెలీలియో దగ్గర ఇరవై రెట్లది ఉంది. హారియట్ తర్వాత వేసిన పూర్ణచంద్రుడి మ్యాప్ చూడండి. అంకెలు, అక్షరాలు వేసి గుర్తించిన మచ్చలు ఇవాళ్టి ఫోటో పక్కన పెడితే చాలావరకు సరిపోతాయి. గెలీలియో బొమ్మలో ఒక బిలాన్ని ఎంత పెద్దది చేశాడో తెలుసు కదా.

నెలవంక:
మ్యాప్ గొప్పదే, కాదనను. కానీ అది గెలీలియో పుస్తకం వచ్చాక వేసింది. వేల్స్‌లో ఉన్న హారియట్ మిత్రుడు విలియం లోయర్ సంగతి చూడండి. పుస్తకం రాకముందు అతనికి చంద్రుడు తన వంటవాడు చేసిన తీపి వంటకంలా కనిపించాడు, ఒకచోట తెల్లగా, ఒకచోట నల్లగా. గెలీలియో సంగతి తెలిశాక 1610 జూన్‌లో హారియట్‌కి రాశాడు: ఆ మచ్చలు ముందే చూశాను కానీ అవి నీడలు కావచ్చని ఊహే రాలేదని. నిజాయితీగా ఒప్పుకున్న మాట అది. దాన్ని మనమెందుకు దాటవేయాలి?

పాతకాగితం:
మీరిద్దరూ చంద్రుడి దగ్గరే ఆగిపోయారు. నాకు బాధ కలిగించేది వక్రీభవనం, అంటే గాలిలోంచి నీళ్లలోకో గాజులోకో వెళ్లేటప్పుడు కాంతి వంగడం. పదో తరగతిలో మనం చదివే స్నెల్ నియమాన్ని హారియట్ 1601 ప్రాంతంలోనే ప్రయోగాలు చేసి పట్టుకున్నాడు. స్నెల్‌కి దొరికింది 1621లో, డెకార్ట్ అచ్చు వేసింది 1637లో. (వీళ్లందరికంటే ముందు, 984లో బాగ్దాద్‌లో ఇబ్న్ సహల్ రాశాడు, అది వేరే కథ.) 1606లో ప్రాగ్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ అంతటివాడు ఉత్తరం రాసి అడిగితే కోణాల పట్టిక పంపాడు, నియమం మాత్రం చెప్పలేదు! చనిపోయేనాటికి వేల పుటల రాతప్రతులు. అంతా అడవి కాచిన వెన్నెల అయింది.

కానీ ఆయన్ని తప్పు పట్టలేను. ఆయన్ని పోషించిన వాల్టర్ రాలీ 1603లో జైలుకెళ్లాడు. 1605లో పార్లమెంటును పేల్చేసే కుట్ర బయటపడ్డాక రెండో పోషకుడు హెన్రీ పెర్సీని లండన్ టవర్‌లో పెట్టారు. హారియట్‌నూ కొన్నాళ్లు బంధించి, రాజుగారి జాతకం వేశావా అని ప్రశ్నించారు. నాస్తికుడన్న నింద అప్పటికే ఉంది. 1618లో రాలీ తల నరికినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. ఇంత టెన్షన్‌లో ఎవరు పుస్తకాలు వేస్తారు?

గుండ్రాయి:
పాతకాగితం గారూ, మీ తేదీలే మీకు అడ్డొస్తున్నాయి. నియమం 1601లో దొరికింది, రాలీ అరెస్టు 1603లో. మధ్యలో రెండేళ్లు ఎవరు ఆపారు? అమెరికాలోని వర్జీనియా గురించి 1588లో పుస్తకం వేశాడు కదా, అచ్చు వేయడం తెలియనివాడు కాదు.

పాతకాగితం:
ఒప్పుకోవాల్సిందే. భయమొక్కటే కారణం కాదు. లోయర్ కూడా ఆయన్ని కేకలేశాడు, నువ్వు దాచుకోవడం వల్లే నీ కీర్తి ఇతరులకు పోతోందని. ఇంకోటి, పెర్సీ ఇచ్చే జీతంతో ఆయనకు లోటు లేదు. గెలీలియోకి మంచి ఉద్యోగం కావాలి, పుస్తకం ఫ్లారెన్స్ పాలకులైన మెడిచీలకు అంకితమిచ్చి అదే ఏడాది ఫ్లారెన్స్‌లో సంపాదించుకున్నాడు. అవసరం ఉన్నవాడు త్వరపడ్డాడు.

తారాపథం:
లోయర్ ఉత్తరం సంగతి నాకు తెలియదు. నెలవంక గారూ, అక్కడ నా వాదన తగ్గించుకుంటున్నాను. కొండల్ని గుర్తించిన ఘనత గెలీలియోదే. కానీ "మొదట గీసినవాడు" అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను, ఆ కాగితం మీద తేదీ ఉంది. అమ్మాయి చార్టు మళ్లీ వేస్తోంది. పైన జులై బొమ్మ, దాని కింద గెలీలియోది, అట్టడుగున హారియట్ మ్యాప్. మూడింటికీ తేదీలు తనే రాస్తానంది.