మహిళా బిషప్ ఇచ్చిన కన్ఫర్మేషన్‌ను అమెరికాలోని ఏసీఎన్ఏ చర్చిలో ఒప్పుకుంటారా?

అందరికీ వందనాలు. మేం సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) నంద్యాల డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) నుంచి టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్ వచ్చాం. 2008లో అమెరికాలోని ఆంగ్లికన్ శాఖ అయిన ఎపిస్కోపల్ చర్చి నుంచి విడిపోయి, ఆ తర్వాత ఏసీఎన్ఏ (ఆంగ్లికన్ చర్చ్ ఇన్ నార్త్ అమెరికా)లో కలిసిన ఇక్కడి డయోసిస్‌లో స్త్రీలను ప్రీస్టులుగా అభిషేకించరు. మా అమ్మాయికి 2015లో కన్ఫర్మేషన్ (బిషప్ చేతులుంచి విశ్వాసంలో స్థిరపరిచే ఆచారం) ఇచ్చింది సీఎస్ఐ తొలి మహిళా బిషప్ పుష్పలలిత గారు. ఆమె చేతులుంచి చేసిన ప్రార్థన మాకెంతో విలువైనది, దాన్ని చెల్లదనిపించుకోలేం.

దగ్గర్లోని పారిష్‌లో సర్టిఫికెట్, బదిలీ లేఖ ఇచ్చాం. ప్రభువు బల్లకు (సంస్కారానికి) రమ్మన్నారు గానీ సభ్యత్వం సంగతి తేల్చలేదు. ఊళ్లో అయ్యగారిని అడిగితే రెండూ ఆంగ్లికన్ కుటుంబమేగా అన్నారు. కానీ ఆంగ్లికన్లకు మూలపీఠమైన ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీతో సహవాసం సీఎస్ఐకి ఉంది, ఏసీఎన్ఏకి లేదు.

ఇలా వచ్చినవాళ్లను ఈ డయోసిస్‌లో నేరుగా చేర్చుకున్నారా, మళ్లీ కన్ఫర్మేషన్ తీసుకోమన్నారా?