అప్‌డేట్: కడప ఇంగ్లిష్ బ్యాచ్‌లో మాటలు మొదలయ్యాయి

రెండు నెలల కిందట ఇక్కడ అడిగాను, డిగ్రీ అయిపోయిన పన్నెండు మందికి కడపలో సాయంత్రం బ్యాచ్ పెట్టాను, గ్రామర్ వచ్చినా ఎవరూ నోరు తెరవడం లేదు, కోర్సు ఎలా వేసుకోవాలి అని. టెన్సుల వరుస పక్కన పెట్టి, వాళ్లు ఇంగ్లిష్‌తో చేయాల్సిన పనుల వరుస వేసుకోమన్నారు. అదే చేశాను. ఇంటర్వ్యూ, కస్టమర్‌తో ఫోన్, దారి చెప్పడం, ఇలా.

అన్నిటికన్నా బాగా పనిచేసింది ఇన్ఫర్మేషన్ గ్యాప్, అంటే ఒకరి దగ్గరున్న సమాచారం ఇంకొకరు అడిగి తెలుసుకోవాల్సిన పని. జంటలో ఇద్దరికీ ఏడు రోడ్ల సర్కిల్ మ్యాపే ఇచ్చాను, కానీ ఒకరి కాగితంలో ఉన్న షాపులు రెండోవాళ్ల దాంట్లో ఉండవు, చూపించుకోకూడదు, కాబట్టి అడగక తప్పదు. మొదటి రోజు నుంచి తలెత్తని ఒకమ్మాయి కాగితాన్ని గుండెకు అదుముకుని "లెఫ్టా, రైటా? టెల్ మీ అగైన్!" అని గట్టిగా అడిగింది. నాకు కళ్లు చెమర్చాయి.

మధ్యలో తప్పులు దిద్దడం మానేశాను (ఇదే నాకు చాలా కష్టమైంది). నోట్ చేసుకుని, చివరి పది నిమిషాల్లో ఎవరివో చెప్పకుండా బోర్డు మీద రాస్తే వాళ్లే దిద్దుతున్నారు. నలుగురి గ్రూపులో ఒక్కరే మాట్లాడేస్తుంటే, ముందు జంటలు, తర్వాతే నలుగురు అని మార్చాను. తెలుగు వద్దనలేదు, ఏం చేయాలో తెలుగులోనే చెప్తున్నా.

మార్కులు ఎలా వేయాలన్నదే ఇంకా తేలలేదు. రాతపరీక్ష మాత్రం పెట్టను.