మిర్చి గోడౌన్లలో స్ట్రెస్ స్కేల్ పెట్టా, ఆల్ఫా 0.38 వచ్చింది, ఐటమ్స్ తీసేయాలా లేక మొత్తం మళ్లీ మొదలెట్టాలా?

ఎండుమిర్చి_సైకాలజీ:

అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్సీ సైకాలజీ ఫైనల్ ఇయర్, మాది గుంటూరే. డిసర్టేషన్ టాపిక్ వచ్చేసి యార్డు చుట్టుపక్కల గోడౌన్లలో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లలో ఒత్తిడి, ఇంట్లో అప్పులకీ దానికీ ఉన్న సంబంధం. నేనే పట్టుబట్టి తీసుకున్నా. మా క్లాసులో మిగతా వాళ్లంతా కాలేజీ పిల్లల్లో ఫోన్ అడిక్షన్ అని పెట్టుకుని గూగుల్ ఫామ్ వాట్సాప్ గ్రూపుల్లో తోసేసి రెండ్రోజుల్లో రెస్పాన్సులు తెచ్చుకుని హాయిగా తిరుగుతున్నారు, నేనేమో పొద్దున్నే ఏడింటికి ఏటుకూరు రోడ్డులో మొహానికి చున్నీ కట్టుకుని తుమ్ముకుంటూ తిరుగుతున్నా.

వాడిన స్కేల్ పీఎస్ఎస్ 10 (పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్, మనిషికి ఎంత ఒత్తిడి అనిపిస్తుందో కొలిచేది), అంటే కోహెన్ వాళ్లు 1983లో 14 ప్రశ్నలతో చేసిన దాని పొట్టి వెర్షన్, ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 4, మొత్తం 40. నేనూ నా రూమ్మేటూ కూర్చుని తెలుగు చేశాం. గైడ్ గారు శరీర లక్షణాలు కూడా ఉండాలమ్మా అన్నారని చివర్లో ఐదు ప్రశ్నలు సొంతంగా కలిపా, తలనొప్పి వస్తుందా, కళ్లలో నీళ్లు వస్తున్నాయా, ఊపిరి ఆడనట్టు ఉంటుందా ఇట్టాంటివి. 42 మందితో పైలట్ చేశా. స్కేల్ పది ప్రశ్నలకీ ఆల్ఫా, అంటే ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో చెప్పే నంబరు, 0.38. సార్ ఏమో ఐటమ్ డిలీట్ చేస్తూ పో, 0.7 దాటగానే ఆపెయ్ అంటున్నారు. అట్టా చేయొచ్చా?

ఇంకోటి, అందరూ "అప్పుడప్పుడు" మీదే టిక్ పెట్టమంటున్నారు. ఒక పెద్దావిడైతే మూడో ప్రశ్నకే చెయ్యి ఆపి "ఒత్తిడంటే ఏందమ్మాయ్, బీపీనా? బీపీకి బిళ్ళ వేసుకుంటున్నాలే" అంది. నాకు నోట మాట రాలా.

లెక్కల_బాబాయ్:

అమ్మాయ్ ముందు ఒక్కటి చెప్పు, 4, 5, 7, 8 రివర్స్ చేశావా? ఆ నాలుగూ పాజిటివ్‌గా అడిగే ప్రశ్నలు, వాటికి 4 అంటే 0 అనీ 3 అంటే 1 అనీ తిప్పాలి. తిప్పకపోతే ఆల్ఫా నేల మీదే ఉంటది, ఒక్కోసారి మైనస్‌లో కూడా వస్తది. నా దగ్గరికి ఆల్ఫా తక్కువొచ్చిందని ఏడుస్తూ వచ్చే పిల్లల్లో సగం మంది కథ ఇదే.

ఎండుమిర్చి_సైకాలజీ:

చేశా బాబాయ్ గారూ, ఎక్సెల్‌లోనే చేశా.

(అరగంట తర్వాత) అయ్యో. ఎక్సెల్‌లో నేను తిప్పా, ఎస్పీఎస్ఎస్ (లెక్కలేసే సాఫ్ట్‌వేర్)లో వేసేటప్పుడు నా ఫ్రెండు తనకి తెలీక మళ్లీ రీకోడ్ చేసింది, అంటే తిప్పింది మళ్లీ తిరిగి మొదటికే వచ్చింది. ఇప్పుడు సరిచేస్తే 0.61. ఆ నాలుగు ప్రశ్నలు మాత్రం ఇంకా మిగతా వాటితో కలవట్లా.

లెక్కల_బాబాయ్:

చూశావా. అసలు ఫైల్ ఒకటి ముట్టుకోకుండా దాచి, మార్పులన్నీ కాపీలో చేయి, ఏం చేశావో ఆ కమాండ్లు (సింటాక్స్) సేవ్ చేసుకో. ఇక డిలీట్ చేస్తూ పోవడం గురించి, 42 మంది మీద అట్టా కోసుకుంటూ పోతే ఆ 42 మందికి సరిపోయే స్కేల్ తయారయిద్ది, రేపు ఇంకో వందమంది దగ్గరికి పోతే మళ్లీ పడిపోద్ది. పైగా ఆ నాలుగూ తీసేస్తే అది పీఎస్ఎస్ 10 కాదు, నీ సొంత స్కేల్. ఈ స్కేల్‌లో పాజిటివ్ నాలుగూ నెగటివ్ ఆరూ రెండు గుంపులుగా విడిపోవడం కొత్తేం కాదు, చాలా భాషల్లో అట్టాగే వచ్చింది. రెండిటికీ విడివిడిగా ఆల్ఫా చూసి రెండూ రాయి.

బస్టాండు_బ్యాచ్:

ఎందుకండీ ఇంత బాధ, హాస్టల్ రూమ్‌లో నలుగురు కూర్చుంటే రాత్రికి రాత్రి 200 ఫామ్‌లు నింపేయొచ్చు, మా సీనియర్లు చాలామంది అదే చేశారు, ఎక్స్‌టర్నల్ వచ్చి టీ తాగి గ్రాఫులు చూసి వెళ్తాడు అంతే. ఆల్ఫా కూడా మీకు కావాల్సినంత తెచ్చుకోవచ్చు 😄

పటమట_అక్క:

బస్టాండు తమ్ముడూ, నెదర్లాండ్స్‌లో స్టాపెల్ అని పెద్ద ప్రొఫెసర్ ఉండేవాడు, మన సబ్జెక్టే, సోషల్ సైకాలజీ. ఆయనా ఇట్టాగే కూర్చుని డేటా నింపుకున్నాడు. 2011లో బయటపడింది, పట్టించింది ఆయన దగ్గర పనిచేసే కుర్ర రీసెర్చర్లే, చివరికి 58 పేపర్లు వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. ఆయన డేటా మరీ నున్నగా ఉండేది. మనుషులు నింపిన ఫామ్ అట్టా ఉండదు, ఎక్కడో ఒకచోట టీ మరక ఉంటది, మధ్యలో వదిలేసిన ప్రశ్న ఉంటది. సరే నీ ఇష్టం, నీకు నేను పాఠం చెప్పక్కర్లా.

ఎండుమిర్చి, నీ ఆల్ఫా సంగతి బాబాయ్ గారు చూశారు కాబట్టి నేను దాని జోలికి పోను, నాకు ఆ బీపీ ఆవిడ దగ్గరే నీ డిసర్టేషన్ మొత్తం ఉందనిపిస్తోంది. నేను విజయవాడలో పీహెచ్‌డీ చేస్తున్నా, ఇంటర్ హాస్టల్ పిల్లల మీద, మొదటి ఏడాదంతా ఇట్టాంటి దెబ్బలే తిన్నా. ఒత్తిడి అనేది పేపర్ భాష. మన ఇళ్లలో ఆ మాట ఎవరంటారు? "టెన్షన్" అంటారు, "దిగులు" అంటారు, "మనసు మనసులో లేదు" అంటారు, "బుర్ర పనిచేయట్లా" అంటారు. ఇవన్నీ ఒకటి కాదు కూడా. టెన్షన్ అంటే రేపు కట్టాల్సిన వాయిదా గురించి, దిగులు అంటే అత్తారింట్లో ఉన్న కూతురు గురించి. నువ్వు ఏ మాట పెడితే దానికి సంబంధించిన జవాబే వస్తది.

రూమ్మేట్‌తో కూర్చుని తెలుగు చేశాం అన్నావు చూడు, అక్కడ ఒక మెట్టు ఎగ్గొట్టారు. బ్రిస్లిన్ 1970లోనే చెప్పిన పద్ధతి ఉంది, ఒకరు తెలుగు చేయాలి, అసలు ఇంగ్లిష్ చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్ చేయాలి, రెండూ పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా కొట్టిందో చూడాలి. అది చేసినా సరిపోదనుకో, ఎందుకంటే చేసేవాళ్లిద్దరూ డిగ్రీ చదివినోళ్లే కదా. అందుకే ఒక పదిమంది ఆడవాళ్ల దగ్గర కూర్చుని, జవాబు తర్వాత సంగతి, ముందు "ఈ ప్రశ్నలో నేను ఏం అడిగాననుకుంటున్నారు, మీ మాటల్లో చెప్పండి" అని అడుగు. కాగ్నిటివ్ ఇంటర్వ్యూయింగ్ అంటారు దీన్ని. పెద్ద పేరే గానీ చేసేది మాత్రం కబుర్లు చెప్పుకోవడం, రాసుకోవడం.

రెండో ప్రశ్న సంగతి చూడు, జీవితంలో ముఖ్యమైనవి మన చేతుల్లో లేవనిపించిందా అనే ప్రశ్న. అమెరికాలో దానికి అవును అంటే ఆ మనిషి కష్టంలో ఉందని లెక్క. మన దగ్గర మా అమ్మమ్మ హాయిగా మజ్జిగ చిలుకుతా కూడా "మన చేతుల్లో ఏముందమ్మా" అనేది. ఆ మాట బాధతో అనొచ్చు, నిమ్మళంగానూ అనొచ్చు, నీ స్కేల్‌కి మాత్రం రెండిటికీ 4 మార్కులే. నీ పాజిటివ్ ప్రశ్నలు కలవకపోవడం వెనక కూడా ఇట్టాంటిదేదో ఉందని నా డౌటు. నీ సమస్యలు నువ్వు పరిష్కరించుకోగలవని నమ్మకంగా ఉందా అంటే "నాదేముంది, ఆ దేవుడి దయ" అనేవాళ్లని ఏ నంబర్ మీద పెట్టావు నువ్వు? సైకాలజీలో పరిశోధనలన్నీ అమెరికా యూరప్ కాలేజీ పిల్లల మీదే చేసి మనుషులంతా ఇంతే అంటున్నారని 2010లో హెన్రిక్ వాళ్లు పెద్ద గొడవే చేశారు, నువ్వు ఆ గొడవ మధ్యలో గోనెసంచి వేసుకుని కూర్చున్నావు, నీకే తెలీట్లా.

ఇక ఆ సొంతంగా కలిపిన ఐదు ప్రశ్నలు. తల్లీ, మిర్చి గోడౌన్‌లో కూర్చున్న మనిషిని కళ్లలో నీళ్లు వస్తున్నాయా అని అడిగితే ఏం చెప్పుద్ది?

ఎండుమిర్చి_సైకాలజీ:

అక్కా 😭😭 42లో 40 మంది "ఎప్పుడూ" అన్నారు. నేను ఎంత డిప్రెషన్‌లో ఉన్నారో అని రాత్రంతా బాధపడ్డా.

యార్డు_పిల్లోడు:

నేను సైకాలజీ కాదు, బీటెక్ చేసి హైదరాబాద్‌లో జాబ్, కానీ మా అమ్మ పదిహేనేళ్లు తొడిమలు తీసింది కాబట్టి చెప్తున్నా, తప్పయితే క్షమించండి. అక్కా నువ్వు పొద్దున ఏడింటికి వెళ్తున్నావు, అదే తప్పు. కూలి కేజీ లెక్కన. నువ్వు పది నిమిషాలు మాట్లాడితే ఆ పది నిమిషాల కాయలు వాళ్లకి పోయినట్టే, అందుకే ఏదో ఒకటి పెట్టుకో అని అన్నిటికీ "అప్పుడప్పుడు" అంటారు, నిన్ను తొందరగా పంపించడానికి. అన్నం తినేటప్పుడు వెళ్లు, లేకపోతే సాయంత్రం తూకం అయ్యాక లైన్‌లో నిలబడి ఉంటారు కదా అప్పుడు. మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చుంటే నీకూ ఓ ముద్ద పెడతారు, వద్దనకు.

ఇంకోటి, మేస్త్రి పక్కనుంటే ఎవరూ అప్పు సంగతి చెప్పరు. చాలామందికి అప్పు ఇచ్చింది మేస్త్రే. మా అమ్మ కూడా అంతే, నన్నడిగితే ఇంటి అప్పు ఎంతో అమ్మ నాకే సరిగ్గా చెప్పలా, నీకెందుకు చెప్పుద్ది.

ఇంకా, గత నెల రోజుల్లో అంటే వాళ్లకి లెక్క తెలీదు అని కాదు, కానీ వాళ్లు నెలల్లో లెక్కేసుకోరు. ఉగాది అయినకాడ్నించి అను, టక్కున చెప్తారు. తొందరగా చేసుకో కూడా, ఎండలు ముదిరితే యార్డుకి వేసవి సెలవులు ఇచ్చేస్తారు, అప్పుడు సగం మంది ఊళ్లకి పోతారు.

పటమట_అక్క:

యార్డు తమ్ముడూ, నువ్వు సైకాలజీ కాదంటావేంది, మా మెథడాలజీ పేపర్ మొత్తం చెప్పేశావు. నా హాస్టల్ పిల్లల దగ్గర వార్డెన్ కూడా ఇదే మేస్త్రి పని చేశాడు, తలుపు దగ్గర నుంచుంటే ఒక్కడూ నిద్ర సరిపోవట్లేదని రాయలా, వార్డెన్ టీ తాగడానికి వెళ్లిన బ్యాచ్‌లో అందరికీ నిద్ర సమస్యలు వచ్చాయి.

ఎండుమిర్చి, కన్సెంట్ సంగతి కూడా ఒకసారి చూసుకో. సంతకం రాని వాళ్లకి వేలిముద్ర వేయించుకుంటే పక్కన ఒక సాక్షి ఉండాలి, ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్‌లో ఉంది, ఆ సాక్షి ఇటూ అటూ కాని మనిషై ఉండాలి. మేస్త్రిని సాక్షిగా పెట్టావో అయిపోయింది. ఇంకా, ఎవరైనా మాట్లాడుతూ బతకాలని లేదు అన్నారనుకో, నువ్వు నంబర్ రాసుకుని వచ్చేయకూడదు. చీటీల మీద 14416 రాసి పెట్టుకో, టెలీ మానస్, 2022 నుంచి నడుస్తోంది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. అట్టాంటిది జరిగిన రోజే మీ గైడ్ గారికి కూడా చెప్పాలి.

0 నుంచి 4 దాకా ఆ ఐదు జవాబుల గొడవకి నేను చేసింది చెప్తా. "తరచుగా", "చాలా తరచుగా" తేడా నాకే తెలీదు. ఐదు టీ గ్లాసుల బొమ్మలు వేశా, ఖాళీది, పావు, సగం, ముప్పావు, నిండుది. ఎంత అనిపించిందో వేలు పెట్టి చూపించమన్నా. పిల్లల దగ్గర బాగానే పనిచేసింది. నువ్వు మాత్రం కొత్తగా పైలట్ చేసుకోవాలి, పాత 42 ఫామ్‌లు దీంట్లో కలపకూడదు.

లెక్కల_బాబాయ్:

కలపకూడదు, కరెక్టు. శాంపిల్ గురించి కూడా భయపడకు, 200 అని ఎవరు చెప్పారో గానీ, అప్పుకీ స్కోరుకీ 0.3 పాటి కోరిలేషన్ (సంబంధం) పట్టుకోవాలంటే 80 శాతం పవర్‌తో, అంటే ఆ సంబంధం నిజంగా ఉంటే దొరికే అవకాశం 80 శాతం ఉండేలా, 85 మంది దాకా సరిపోతారు. జీ పవర్ ఫ్రీ సాఫ్ట్‌వేర్, వేసి చూసుకో, ఆ స్క్రీన్‌షాట్ థీసిస్‌లో పెట్టు, వైవాలో 200 ఎందుకు లేరని అడిగితే చూపించు. మాటలు మార్చావు కాబట్టి అడాప్టెడ్ వెర్షన్ అని రాయి, వాళ్ల అమెరికా స్కోర్లతో పోల్చకు.

ఎండుమిర్చి_సైకాలజీ:

అప్‌డేట్. శనివారం మధ్యాహ్నం అన్నం టైమ్‌కి వెళ్లా, నిజంగానే ముద్ద పెట్టారు, గోంగూర. ఏడుగురితో మాట్లాడా, ఫామ్ తీయలా, గ్లాసుల అట్ట ఒక్కటే పట్టుకెళ్లా. కష్టాలు గుట్టలా పెరిగిపోయి ఇక మన వల్ల కాదనిపించిందా అని అడిగితే బీపీ పెద్దావిడ నిండు గ్లాసు మీద వేలు పెట్టి, మళ్లీ తీసి, సగం మీద పెట్టింది. ఎందుకు మార్చారు పిన్నీ అంటే "నిండుదంటే నువ్వు ఏడుస్తావేమోనని" అంది. అది కూడా రాసుకున్నా, ఏ హెడ్డింగ్ కింద పెట్టాలో తెలీట్లా. పటమట అక్కా అది సోషల్ డిజైరబిలిటీ, అంటే ఎదుటివాళ్లకి నచ్చేట్టు జవాబు చెప్పడం, దాని కిందకి వస్తదా?

గైడ్ గారు మొత్తానికి ఒప్పుకున్నారు, ఐదు ప్రశ్నలు తీసేయమన్నారు, ఆయనే ఇచ్చినవని గుర్తు లేనట్టుంది, నేనూ గుర్తు చేయలా. కానీ టైటిల్‌లో "తెలుగు అనుసరణ" అని కలపాలంట, దానికి సినాప్సిస్ మళ్లీ పెట్టాలంట, హెచ్‌ఓడీ సంతకం కావాలంట, ఆయన వచ్చే సోమవారం దాకా ఊళ్లో లేరు. ఈ వారం గ్లాసుల అట్టలు లామినేషన్ చేయిస్తా, బ్రాడీపేటలో తక్కువకి చేసే షాపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నాకు ఆరు కావాలి.